ఒకే పొడి – సుజుకీకి ఉత్ప్రేరకం, సీసానికి అధిశోషకం: రివ్యూయర్ ప్రశ్నలకి ఏం జవాబివ్వాలి?

నల్లపొడి:
అందరికీ నమస్కారం. థీసిస్‌లో ఒక చాప్టర్ పేపర్‌గా పంపాం, వెనక్కొచ్చింది. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాగ్నెటైట్ (అయస్కాంత ఇనుప ఆక్సైడ్) మీద కైటోసాన్ (అమీన్ గుంపులున్న సహజ పాలిమర్) పూత వేసి గ్లూటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేశాం. దాని మీద పల్లాడియం ఎక్కించి సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేశాం. బరువులో 5 శాతం పల్లాడియం, నల్లటి పొడి, అయస్కాంతం పెడితే సీసా గోడకి అతుక్కుంటుంది. దీంతో సుజుకీ కప్లింగ్ (పల్లాడియం సాయంతో రెండు ఆరోమాటిక్ వలయాల్ని కలిపే చర్య) చేశాం: ఆరైల్ బ్రోమైడ్, ఫినైల్ బోరోనిక్ ఆమ్లం, పొటాషియం కార్బొనేట్, సగం నీళ్లు సగం ఇథనాల్, 80 డిగ్రీలు, రెండు గంటలు. ఈల్డ్ 95 పైన, ఐదు సైకిళ్ల తర్వాత కూడా దాదాపు అంతే. తర్వాత తాజా పొడితో మిథిలీన్ బ్లూ (నీలం రంగు), వాడేసిన పొడితో సీసం అధిశోషణం (నీళ్లలోంచి పొడి ఉపరితలానికి పట్టించడం) చేశాం, రెండూ 99 శాతం తొలగింపు. 'ఒకే పదార్థం, రెండు పనులు' అని రాసుకున్నాం.

రివ్యూయర్ అడిగినవి: ఉత్ప్రేరకం నిజంగా ఘనరూపంలోనే పనిచేస్తోందని రుజువేది? రీసైకిల్ గ్రాఫ్ దేనికి రుజువు? సూడో సెకండ్ ఆర్డర్ (అధిశోషణ వేగానికి వాడే ఒక సమీకరణం) సరిపోయింది కాబట్టి రసాయన అధిశోషణం అని ఎలా అంటారు? సీసం అధిశోషణం చెందిందా, అవక్షేపించిందా?

మొదటిదానికి నా దగ్గర డేటా ఉంది. చర్య అయ్యాక వడపోసి ఐసీపీ (ప్లాస్మాతో లోహాల మోతాదు కొలిచే పరీక్ష) చేయిస్తే 0.3 పీపీఎం (పదిలక్షల్లో 0.3 వంతు) పల్లాడియం మాత్రమే వచ్చింది. అది చాలదా? మిగతావాటికి ఏం చేయాలో చెప్పండి.

మూడో_సమీక్షకుడు:
ఆ రివ్యూయర్ని నేను కాదు, ముందే చెప్తున్నా. కానీ నేనైనా అవే అడిగేవాణ్ణి.

పాత_గాజుసామాను:
నల్లపొడి గారూ, ఆ 0.3 పీపీఎం ఎప్పుడు తీసిన శాంపిల్‌ది? చర్య పూర్తయి, ఫ్లాస్కు చల్లారాక తీసిందైతే దానితో పని లేదు. ఎందుకంటే పల్లాడియం ఘనం మీద నుంచి కదలకుండా కూర్చునే లోహం కాదు. ఆరైల్ హాలైడ్ (మీ బ్రోమైడ్ లాంటిది) వచ్చి ఆక్సిడేటివ్ అడిషన్ (లోహం కార్బన్-హాలోజన్ బంధంలో దూరడం) జరిగినప్పుడు ఉపరితలం మీది పరమాణువు పల్లాడియం-రెండు సమ్మేళనంగా మారి ద్రావణంలోకి దిగిపోతుంది, అక్కడే మిగతా మెట్లు, ట్రాన్స్‌మెటలేషన్, రిడక్టివ్ ఎలిమినేషన్ అన్నీ కానిచ్చుకుని, హాలైడ్ అయిపోయాక మళ్లీ సున్నా స్థితిలో వచ్చి ఘనం మీద వాలుతుంది. పల్లాడియం-కార్బన్ మీద ఇది బాగా చూసిన విషయమే, చర్య వేగంగా ఉన్నప్పుడు ద్రావణంలో లోహం ఎక్కువగా ఉంటుంది, చివరికి దాదాపు ఏమీ మిగలదు. మీరు కొలిచింది ఆ చివర్లో.

వేడిగా ఉన్నప్పుడు, సగం కూడా కాకముందు, 20-30 శాతం కన్వర్షన్ (చర్యలో మారిన బ్రోమైడ్ వంతు) దగ్గర వడపోయండి. వడపోసిన ద్రావణాన్ని అదే వేడిలో ఉంచి ముందుకెళ్తుందో లేదో చూడండి. ఆ శాంపిల్‌నే ఐసీపీకి పంపండి.

చలివేసవి:
అన్నా, ఒక సందేహం. కరిగి, పనిచేసి, మళ్లీ వెనక్కొచ్చి అతుక్కుంటే నష్టమేంటి? అయస్కాంతంతో తీసేస్తే లోహం బయటికొచ్చేస్తోంది కదా. 'హెటరోజీనియస్' (ఘనరూప ఉత్ప్రేరకం) అనే ముద్ర కోసం ఇంత గొడవ అవసరమా అనిపిస్తుంది నాకు.

పాత_గాజుసామాను:
వాడుకునేవాడికి నష్టం లేకపోవచ్చు, నిజమే. పల్లాడియం-కార్బన్‌ని పరిశ్రమలో దశాబ్దాలుగా అలాగే వాడుతున్నారు. కానీ పేపర్లో కైటోసాన్ అమీన్ గుంపులు పల్లాడియాన్ని పట్టుకుని ఎలా చర్య జరిపిస్తున్నాయో రంగురంగుల బొమ్మ వేసి ఉంటారు చూడండి, ఆ బొమ్మ అబద్ధమవుతుంది. పైగా మందుల తయారీలో అయితే ఐసీహెచ్ క్యూ3డీ (మందుల్లో లోహ మలినాలపై అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం నోటితో తీసుకునే మందులో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు, ఇంజెక్షన్‌లో 10. నోటి మందుకి రోజుకి పది గ్రాముల డోసు అనుకుంటే ఆ పరిమితి 10 పీపీఎం. అంటే వెనక్కొచ్చి వాలడం ఎంత పూర్తిగా జరిగిందన్నదే అక్కడ ప్రశ్న, అది ఉత్పన్నంలో నైట్రోజన్, సల్ఫర్ ఉంటే పూర్తిగా మారిపోతుంది. బైఫినైల్‌తో చూపించి పిరిడీన్‌కి కూడా అంతే అనలేం.

ఎక్స్_అక్షం:
లెక్క వేసి చూద్దాం, అప్పుడు ఎవరి గోల ఎంతో తెలుస్తుంది. 1 మిల్లీమోల్ బ్రోమైడ్‌కి 10 మిల్లీగ్రాముల పొడి వేశారనుకుందాం. 5 శాతం అంటే 0.5 మిల్లీగ్రాముల పల్లాడియం. పరమాణు భారం 106.4, కాబట్టి 0.0047 మిల్లీమోల్, అంటే బ్రోమైడ్‌తో పోలిస్తే 0.47 మోల్ శాతం. ఇందులో నూటికి రెండు వంతులే కరిగిందనుకోండి. పేపర్లలో 'కేవలం 2 శాతం లీచింగ్' (లోహం కరిగి ద్రావణంలోకి పోవడం) అని గర్వంగా రాస్తారు. ఆ రెండు వంతులు 0.0094 మోల్ శాతం. ఐదు మిల్లీలీటర్ల ద్రావణంలో 2 పీపీఎం.

ఇప్పుడు గుర్తు చేసుకోండి, లిగాండ్ (లోహాన్ని పట్టి ఉంచే అణువు) కూడా లేకుండా 0.01 నుంచి 0.1 మోల్ శాతం పల్లాడియంతో ఆరైల్ బ్రోమైడ్లు చక్కగా కప్లింగ్ అవుతాయని హెక్ చర్యలో (ఇంకో పల్లాడియం కప్లింగ్), సుజుకీలో ఎప్పుడో చూపించారు, 'హోమియోపతి పల్లాడియం' అని పేరు కూడా పెట్టారు. మోతాదు ఎక్కువైతే పల్లాడియం గుంపులు కట్టి నల్లగా అడుగున పడిపోతుంది, పలచగా ఉంటేనే బతికి ఉంటుంది. అంటే ఆ 'కేవలం 2 శాతం' ఒక్కటే మొత్తం చర్యని చేసెయ్యగలదు, మిగతా 98 శాతం అయస్కాంతం వెంట తిరుగుతూ ఉంటుంది.

నల్లపొడి:
అమ్మో. మా లెక్క దాదాపు అదే, 10 మిల్లీగ్రాములే. కానీ రీసైకిల్ ఐదుసార్లు పడిపోకుండా ఉంది కదా, లోహం పోతూ ఉంటే ఈల్డ్ తగ్గాలి కదా?

ఎక్స్_అక్షం:
తగ్గనక్కర్లేదు, అక్కడే ఉంది తిరకాసు. మీ చర్య నిజానికి పదిహేను నిమిషాల్లో అయిపోతుందేమో, మీరు రెండు గంటలు ఉంచుతున్నారు. వేగం సగానికి పడిపోయినా, అందులో మళ్లీ సగానికి పడిపోయినా రెండు గంటలకి 95 శాతమే కనిపిస్తుంది. ప్రతి సైకిల్లో 5 నిమిషాలకి, 10 నిమిషాలకి శాంపిల్ తీసి వేగం పోల్చండి. ఎండ్ పాయింట్ బార్లు ఐదు పక్కపక్కన నిలబెట్టిన గ్రాఫ్‌కి నా దృష్టిలో విలువ సున్నా.

పైగా మీరు వాడిన బ్రోమైడ్ ఏది? 4-బ్రోమోఅసిటోఫినోన్ అయితే అది దేనితోనైనా అవుతుంది.

నల్లపొడి:
అదే వాడాం 🙂 ఇంకా 4-అయడోఅనిసోల్. క్లోరోబెంజీన్‌తో 8 శాతం వచ్చింది, పేపర్లో పెట్టలేదు.

మూడో_సమీక్షకుడు:
పెట్టండి. క్లోరైడ్లే కష్టమైన పరీక్ష, ఆ 8 శాతం కాలమ్‌లోనే అసలు సమాచారం ఉంది. మిగతా టేబుల్ అంతా తెలిసిందే.

చలివేసవి:
పాదరసం చుక్క టెస్ట్ చేస్తే తేలిపోదా? పాదరసం వేస్తే ఘన పల్లాడియం అమాల్గమ్ (పాదరసంతో మిశ్రమలోహం) అయి చర్య ఆగిపోతుంది, ఆగకపోతే కరిగినదే పనిచేస్తోందని అర్థం.

పాత_గాజుసామాను:
నేను సలహా ఇవ్వను. ఒకటి, పాదరసం విషం. ఇంకొకటి, పాదరసం ఘనాన్నే కాదు, ద్రావణంలో ఉన్న పల్లాడియం సమ్మేళనాలతో కూడా చర్య జరుపుతుందని మాస్కోలో అనానికోవ్ బృందం చూపించింది. ఆగితే దేనివల్ల ఆగిందో చెప్పలేం. ఇక్కడైతే కరిగిన లోహం వెనక్కి వచ్చి వాలుతూ ఉంటుంది కాబట్టి వాలేచోట పాదరసం కాపు కాసినా ఆగిపోతుంది, ఆ ఫలితం చూసి ఘనమే పనిచేసిందని రాసేస్తారు.

ఓపిక ఉంటే మూడు ప్రావస్థల టెస్ట్ చేయండి. ఆరైల్ హాలైడ్‌ని ఒక రెజిన్‌కి అతికించి పెడతారు. ఘన ఉత్ప్రేరకం వెళ్లి ఇంకో ఘనం లోపల ఉన్న హాలైడ్‌ని తాకలేదు. అయినా రెజిన్ మీద కప్లింగ్ జరిగిందంటే ద్రావణంలోని లోహమే వెళ్లి చేసింది. అందులో కూడా మామూలు హాలైడ్ కొంచెం పక్కన కలపాలి, లేకపోతే లీచింగ్ మొదలయ్యే పరిస్థితే రాకుండా పోయి 'లీచింగ్ లేదు' అని తప్పుడు ధైర్యం వస్తుంది.

హాట్ ఫిల్ట్రేషన్‌లో (ముందు చెప్పిన వేడి వడపోత) కూడా ఒక తిరకాసు ఉంది. వడపోతలో క్షారం కూడా కాగితం మీద ఉండిపోతే వడపోసిన ద్రావణంలో చర్య ఎటూ జరగదు, అది చూసి 'ఘనమే పనిచేస్తోంది' అని రాసేసిన పేపర్లు నేను రివ్యూకి చూశాను. మీ నీళ్లు-ఇథనాల్‌లో పొటాషియం కార్బొనేట్ చాలావరకు కరిగే ఉంటుంది, అయినా వడపోశాక కొంచెం కొత్త క్షారం వేయండి.

చలివేసవి:
ఇంకోటి, బ్లాంక్ కూడా చెయ్యాలి కదా. పల్లాడియం ఎక్కించని పొడితో.

ఎక్స్_అక్షం:
చెయ్యాలి, కొత్త స్టిరర్ బార్‌తో. టెఫ్లాన్ పూత మీద సన్నటి గీతల్లో పాత లోహం దాక్కుని ఉంటుంది, రాజద్రావకంలో కడిగినా కొంత పోదు. ఈ రంగంలో జరిగిన తమాషాలన్నీ బ్లాంక్ దగ్గరే జరిగాయి. 2003లో లెడ్‌బీటర్ బృందం లోహమే లేకుండా మైక్రోవేవ్‌లో సుజుకీ అవుతుందని చెప్పింది. 2005లో వాళ్లే మళ్లీ చూసి, సోడియం కార్బొనేట్‌లో 50 పీపీబీ (వందకోట్లలో 50 వంతులు) స్థాయిలో పల్లాడియం ఉంది, పని దానిదే అని తేల్చారు. 2009లో బోల్మ్, బక్‌వాల్డ్ కలిసి, ఐరన్ క్లోరైడ్ ఉత్ప్రేరకం అనుకున్న చర్యల్లో అందులో ఉన్న రాగి మలినం ఎంత పని చేస్తోందో చూపించారు. 2021లో నేచర్ కెటాలిసిస్‌లో అమీన్ ఒక్కటే సుజుకీ చేస్తుందని వచ్చింది, ఆ సంవత్సరం పూర్తికాకుండానే వెనక్కి తీసుకున్నారు, ఆ అమీన్‌ని తయారుచేసేటప్పుడు వాడిన పల్లాడియం అందులోనే ఉండిపోయింది. పెద్ద పెద్ద ల్యాబులు కూడా ఇందులో పడ్డాయి.

నీళ్లమనిషి:
నేను నీటి శుద్ధి వైపు మనిషిని, కప్లింగ్ సంగతి మీరు చూసుకోండి. రెండో సగం గురించి నాకు చాలా ఉంది. ముందు 99 శాతం సంగతి. ఎంత నీటికి ఎంత పొడి వేశారు?

నల్లపొడి:
మిథిలీన్ బ్లూ లీటరుకి 20 మిల్లీగ్రాములు, 50 మిల్లీలీటర్లు, 100 మిల్లీగ్రాముల పొడి. లాంగ్‌మ్యూర్ నమూనా (ఉపరితలం నిండేదాకా ఎంత పడుతుందో లెక్కించేది) ఫిట్ చేస్తే గరిష్ఠ సామర్థ్యం గ్రాముకి 310 మిల్లీగ్రాములు వచ్చింది. ఐసోథెర్మ్‌కి (ఏ గాఢతలో ఎంత పట్టిందో చూపే వక్రం) 5 నుంచి 50 మిల్లీగ్రాముల గాఢతలు, పొడి లీటరుకి ఒక గ్రాము.

నీళ్లమనిషి:
సరే. 50 మిల్లీలీటర్లలో ఉన్న రంగు మొత్తం 1 మిల్లీగ్రాము. దానికి 100 మిల్లీగ్రాముల పొడి, అంటే రంగుకి వంద రెట్లు. అంత వేస్తే ఏ పొడైనా 99 చూపిస్తుంది. గ్రాముకి పట్టింది 10 మిల్లీగ్రాములు, అంతకు మించి పట్టడానికి అక్కడ రంగే లేదు.

ఐసోథెర్మ్‌లో లీటరుకి 50 మిల్లీగ్రాములు, లీటరుకి ఒక గ్రాము పొడి. మొత్తం రంగు మింగేసినా గ్రాముకి 50 దాటదు. మీ ఎత్తైన పాయింట్ 50 లోపు ఉంటే 310 ఎక్కడి నుంచి వచ్చింది? గీతని కాగితం అవతలికి లాగితే వచ్చింది. లాంగ్‌మ్యూర్ గరిష్ఠం చెప్పాలంటే వక్రం వంగి చదునయ్యేదాకా పాయింట్లు ఉండాలి.

శాతాలతో ఇంకో ఇబ్బంది. ఆర్సెనిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకి 10 మైక్రోగ్రాములు. లీటరుకి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 99 శాతం తీసేశామంటే ఇంకా 100 మైక్రోగ్రాములు మిగిలే ఉన్నాయి, పరిమితికి పది రెట్లు. అబ్‌స్ట్రాక్ట్‌లో 99 చూసి అందరూ చప్పట్లు కొడతారు. చివర్లో నీళ్లలో ఎంత మిగిలిందో రాయండి చాలు.

ఎక్స్_అక్షం:
సూడో సెకండ్ ఆర్డర్ గురించి నేను చెప్తా. కాలాన్ని పట్టిన మోతాదుతో భాగించి, దాన్ని కాలానికి ఎదురుగా గీస్తున్నారు. కాలం రెండు అక్షాల మీదా ఉంది. సమతాస్థితి వచ్చేశాక పట్టిన మోతాదు స్థిరం, అంటే మీరు కాలాన్ని కాలానికి ఎదురుగానే గీస్తున్నారు, సరళరేఖ రాక ఏం వస్తుంది? ఆర్-స్క్వేర్ (ఫిట్ ఎంత కుదిరిందో చెప్పే అంకె) 0.999 రావడం అధిశోషణం గురించి ఏమీ చెప్పదు. పదినిమిషాల్లో అయిపోయే ప్రక్రియకి 180 నిమిషాల దాకా పాయింట్లు పెట్టి ఆ పాయింట్లన్నీ ఫిట్‌లోకి లాగితే ఇంకా అందంగా వస్తుంది. మొదటి కొన్ని నిమిషాల్లో దగ్గర దగ్గరగా పాయింట్లు తీసి, సమీకరణాన్ని సరళం చేయకుండా నేరుగా ఫిట్ చేసి, అప్పుడు సూడో ఫస్ట్, సూడో సెకండ్ రెండు నమూనాలూ పోల్చండి. ఏది సరిపోయినా 'కాబట్టి రసాయన బంధం' అని మాత్రం రాయొద్దు. గతిశాస్త్ర సమీకరణం బంధాన్ని చూడదు, రంధ్రాల్లో వ్యాపనం నెమ్మదిగా ఉన్నా అలాంటి వక్రమే వస్తుంది. బంధం కావాలంటే ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీది బంధాల్ని చూసే ఎక్స్‌రే పరీక్ష) చూపించండి, డీసార్ప్షన్ (పట్టింది తిరిగి విడిపోవడం) చూపించండి.

చలివేసవి:
ఒక్క నిమిషం. మిథిలీన్ బ్లూ ధనావేశ రంగు. కైటోసాన్ అమీన్లు తటస్థ నీళ్లలో కొంతవరకు ధనావేశంతోనే ఉంటాయి. ఒకటినొకటి నెట్టుకోవాల్సినవి ఇంత బాగా ఎలా అతుక్కున్నాయి?

పాత_గాజుసామాను:
మంచి ప్రశ్న వేశావు. నాకు అనుమానం, అది అతుక్కోలేదు. నల్లపొడి గారూ, తొలగింపు ఎలా కొలిచారు? 664 నానోమీటర్ల దగ్గర యూవీ-విజిబుల్ శోషణ మాత్రమేనా?

నల్లపొడి:
అవును, 664 దగ్గర శోషణ తగ్గడమే. పొడి తెల్లారేదాకా ఎండబెట్టి వెంటనే వాడాం.

పాత_గాజుసామాను:
అయితే వినండి. మీ పొడిలో పల్లాడియం ఉంది, దాన్ని బోరోహైడ్రైడ్‌తో తయారుచేశారు. పల్లాడియం హైడ్రోజన్‌ని తన లోపల దాచుకునే లోహం, గ్రహామ్ 1860ల్లోనే చెప్పిన సంగతి. మిథిలీన్ బ్లూకి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే ల్యూకో రూపంలోకి మారి రంగు పోతుంది. రంగు పోయిందంటే అణువు నీళ్లలోంచి పోయిందని కాదు, అక్కడే రంగులేకుండా కూర్చుని ఉండొచ్చు. మీ దగ్గర ఉన్న రంగు 1 మిల్లీగ్రాము, దాదాపు 3 మైక్రోమోల్. 100 మిల్లీగ్రాముల పొడిలో పల్లాడియం 47 మైక్రోమోల్. అందులో కొద్దిపాటి హైడ్రోజన్ మిగిలున్నా చాలు.

పరీక్ష ఏమంత కష్టం కాదు. అయస్కాంతంతో పొడి తీసేసి, పైనున్న తేటలోకి కాసేపు గాలి బుడగలు పంపండి. నీలం తిరిగొస్తే ల్యూకో. రాకపోతే పొడిని ఇథనాల్‌తో కడిగి రంగు దిగుతుందేమో చూడండి, దిగితే నిజంగానే అతుక్కుంది. ఏ పొడీ వేయని రంగు ద్రావణం ఒకటి పక్కన పెట్టండి, మిథిలీన్ బ్లూ గాజు గోడలకి కూడా పడుతుంది.

నీళ్లమనిషి:
ఇదే గొడవ 4-నైట్రోఫినాల్ పేపర్లలో కూడా. 400 నానోమీటర్ల పట్టీ తగ్గిందని ఉత్ప్రేరక క్షయకరణం అంటారు, 300 దగ్గర అమినోఫినాల్ పట్టీ పెరగకపోతే అది ఉత్ప్రేరణ కాదు, ఆధారం మీద అధిశోషణం. అటువాళ్లు అధిశోషణాన్ని ఉత్ప్రేరణ అంటారు, ఇటువాళ్లు ఉత్ప్రేరణని అధిశోషణం అంటారు. పోయిన అణువు ఎక్కడికి పోయిందో ఎవరూ వెతకరు.

ఇక సీసం. వాడేసిన పొడితో చేశామన్నారు. సుజుకీ చర్యలో క్షారం పొటాషియం కార్బొనేట్. కైటోసాన్ జెల్ లాంటి పూత, రెండుమూడుసార్లు కడిగితే లోపలి కార్బొనేట్ అంతా పోతుందని నేననుకోను. సీసం ద్రావణంలో వేయగానే లెడ్ కార్బొనేట్. దాని ద్రావణీయతా లబ్ధం 10 టు ది పవర్ మైనస్ 13 ప్రాంతంలో ఉంటుంది, నీళ్లలో నిలవదు. మీరు వడపోసి కొలుస్తారు కాబట్టి 'తొలగింది' అని వస్తుంది.

పొడిని మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో, సీసం లేకుండా, అదే మోతాదులో నానబెట్టండి. పీహెచ్ చూడండి. పొడి తీసేసి ఆ నీళ్లలో లెడ్ నైట్రేట్ కొన్ని చుక్కలు వేయండి. తెల్లబడితే సమాధానం దొరికినట్టే.

మూడో_సమీక్షకుడు:
మా ల్యాబులో ఐసీపీ క్యూ నెలల తరబడి ఉంటుంది, ఈ టెస్టులకి చుక్కలు, గాలిబుడగలు చాలు. మధ్యాహ్నంలో అయిపోతాయి. ఇవి చేయకుండా సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) బొమ్మలు ఎనిమిది పెడతారు.

నల్లపొడి:
అందరికీ థాంక్స్, రిజల్ట్స్ వచ్చాయి.

హాట్ ఫిల్ట్రేషన్: 25 శాతం దగ్గర వేడి సిరంజి ఫిల్టర్‌తో తీసి, కొత్త కార్బొనేట్ వేసి, 80 డిగ్రీల్లోనే ఉంచితే 61 శాతం దాకా వెళ్లింది. పల్లాడియం లేని పొడి, కొత్త బార్‌తో బ్లాంక్: ఏమీ లేదు. ఐదు నిమిషాల కన్వర్షన్ మొదటి సైకిల్లో 40, ఐదో సైకిల్లో 11. అంటే ఎక్స్_అక్షం గారు చెప్పిందే.

మిథిలీన్ బ్లూ: గాలి పంపితే నీలం తిరిగొచ్చింది, పూర్తిగా కాదు కానీ సగం పైనే. ముందురోజు గాలిలో బాగా ఆరబెట్టి, నీళ్లలో ఆక్సిజన్ పంపి కడిగిన పొడితో చేస్తే తొలగింపు చాలా తగ్గింది.

సీసం: నానబెట్టిన నీళ్ల పీహెచ్ 9.4. లెడ్ నైట్రేట్ చుక్క పడగానే పాలలా అయింది. మా గైడ్ గారు చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది, చాప్టర్ మొత్తం పోయినట్టేనా?

పాత_గాజుసామాను:
పోలేదు. ఇప్పుడే చాప్టర్ తయారైంది. మీ పొడి పల్లాడియాన్ని అవసరమైనప్పుడు వదిలి, పనయ్యాక చాలావరకు తిరిగి పట్టుకుంటోంది. వదలడం, పట్టుకోవడం రెండూ కొలవండి: చర్య మొదట్లో, 25 శాతం దగ్గర, చివర్లో వేడిగా ఉన్నప్పుడు, చల్లారాక, ఇన్ని చోట్ల ద్రావణంలో పల్లాడియం ఎంతుందో ఒకే గ్రాఫ్‌లో కన్వర్షన్ పక్కన పెట్టండి. ఐదో సైకిల్‌కి వేగం ఎందుకు పడిందో టెమ్‌లో (రేణువుల సైజు చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) చూడండి, వెనక్కొచ్చి వాలేటప్పుడు చిన్న రేణువులు పోయి పెద్దవి అయ్యుంటాయి. అలాంటి పేపర్ నేను చదువుతాను.

చలివేసవి:
నాకు ఇంకో ఐడియా. కైటోసాన్ అమీన్లు పల్లాడియాన్ని పట్టుకోవడంలో దిట్ట. అయితే అధిశోషణం సగాన్ని మిథిలీన్ బ్లూతో ఎందుకు, పల్లాడియంతోనే చేయొచ్చు కదా? పల్లాడియం లేని పొడితో, వేరే కప్లింగ్ చర్యల వ్యర్థ ద్రావణాల్లోంచి పల్లాడియాన్ని లాగి, అలా పట్టిన పొడినే ఉత్ప్రేరకంగా వాడితే?

పాత_గాజుసామాను:
అది చేశారు, కొత్త కాదు, కానీ చేయదగిన పనే. థయోల్ (సల్ఫర్ గుంపున్న) సిలికా, యాక్టివేటెడ్ కార్బన్, ట్రైమెర్‌కాప్టోట్రయజీన్ ఇవన్నీ స్కావెంజర్లుగా (లోహాన్ని పట్టి తీసేసేవిగా) వాడుతున్నవే. ఇక్కడ ఒక లాగులాట ఉంది: సల్ఫర్ ఎంత గట్టిగా పట్టుకుంటే శుద్ధికి అంత మంచిది, ఉత్ప్రేరకానికి అంత చెడ్డది, వదలదు కాబట్టి. అమీన్ మధ్యస్థం. పోల్చి చూడాల్సింది అదే. క్లోరైడ్ ఎక్కువున్న ఆమ్ల ద్రావణంలో పల్లాడియం టెట్రాక్లోరో ఋణ అయానుగా ఉంటుంది, ప్రోటాన్ పట్టిన అమీన్లు దాన్ని ఆకర్షిస్తాయి. కానీ ఆమ్లంలో క్రాస్‌లింక్ సరిగ్గా లేని కైటోసాన్ కరిగిపోతుంది, లోపలి మాగ్నెటైట్ కూడా మెల్లగా కరుగుతుంది. ద్రావణంలో ఇనుము, మొత్తం సేంద్రియ కార్బన్ కూడా కొలిచి ఉంచండి.

నీళ్లమనిషి:
సీసం వదిలెయ్యకండి, కానీ పల్లాడియం లేని పొడితో చేయండి. ఐదు శాతం పల్లాడియం పొడిని నీటి శుద్ధికి వాడటం ఏ లెక్కలోనూ నిలవదు, సీసం తీసి పల్లాడియం వదిలినట్టవుతుంది. పీహెచ్ 5 దగ్గర పెట్టండి, పలచని నైట్రిక్ ఆమ్లంతో సర్దండి. అసిటేట్ బఫర్ వద్దు, అసిటేట్ సీసంతో కాంప్లెక్స్ కడుతుంది. ఆ పీహెచ్‌లో అమీన్లకి ప్రోటాన్ పట్టి సామర్థ్యం బాగా పడిపోతుంది, పడనివ్వండి. గ్రాముకి 25 వచ్చినా 25 అనే రాయండి. కాల్షియం, హ్యూమిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో ఇంకోసారి చేయండి, అసలు నీళ్లలో ఉండేవి అవే. వీలైతే చిన్న కాలమ్ పెట్టి బ్రేక్‌త్రూ (సీసం కాలమ్ దాటి బయటికి రావడం ఎప్పుడు మొదలవుతుందో) చూడండి. కార్బన్ కాలమ్‌లో పొడవు గొలుసు పీఎఫ్ఏఎస్ (తేలిగ్గా విరగని ఫ్లోరిన్ సేంద్రియ) రసాయనాలు నిలిచి, పొట్టివి ముందే జారిపోతాయన్నది కాలమ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, బీకరులో అంతగా తెలియదు.

మూడో_సమీక్షకుడు:
టైటిల్‌లో 'బహుళార్థసాధక' అనే మాట తీసెయ్యమని మాత్రం నా వినతి.

నల్లపొడి:
తీసేశాను 🙂 గైడ్ గారితో మాట్లాడాను, పల్లాడియం కథ ఒక పేపర్, సీసం వేరే పేపర్. ఐసీపీ స్లాట్ బుక్ చేశా. ఒక్క ప్రశ్న, శాంపిల్స్ వేడిగా తీశాక చల్లారేలోపు పల్లాడియం సిరంజి గోడకి వాలిపోకుండా ఏం చేయాలి?

పాత_గాజుసామాను:
వడపోసిన చుక్క నేరుగా నైట్రిక్, హైడ్రోక్లోరిక్ కలిపిన ట్యూబులో పడేలా పెట్టండి, క్లోరైడ్ ఉంటే పల్లాడియం కాంప్లెక్స్‌గా నిలుస్తుంది. సేంద్రియ పదార్థం పోయేదాకా డైజెస్ట్ చేయించండి, ఇథనాల్ అలాగే వెళ్తే ప్లాస్మా ఊగిపోతుంది. ట్యూబు ముందే బరువు తూచి ఉంచుకోండి. కార్బొనేట్ ఉంది కాబట్టి బుస్సుమని పొంగుతుంది, ఆమ్లం ఉన్న ట్యూబులోకి నెమ్మదిగా వదలండి.

కొత్తకుండ:
థ్రెడ్ మొత్తం చదివాను, భయమేస్తోంది. నాది బయోచార్‌తో (మొక్కల వ్యర్థాల నుంచి చేసిన బొగ్గు) క్రోమియం-ఆరు తొలగింపు. పీహెచ్ 2 దగ్గర డైఫినైల్‌కార్బజైడ్ పద్ధతిలో 540 నానోమీటర్లకి సున్నా వచ్చింది, మొత్తం పోయింది. నాది సరిగ్గానే ఉంది కదా?

నీళ్లమనిషి:
ఆ పద్ధతికి క్రోమియం-ఆరు మాత్రమే కనిపిస్తుంది. పీహెచ్ 2లో బయోచార్ దాన్ని క్రోమియం-మూడుగా మార్చేస్తుంది, అది ధనావేశంతో నీళ్లలోనే తిరుగుతూ ఉండొచ్చు, మీ కారకానికి కనిపించదు. అదే తేటలో టోటల్ క్రోమియం ఏఏఎస్‌లో (లోహం మొత్తం మోతాదు కొలిచే పరికరం) కొలిపించి, ఆ రెండు అంకెలతో కొత్త థ్రెడ్ తెరవండి. ఇక్కడ కలిపితే నల్లపొడి గారి సంగతి కిందకి పోతుంది.